మత్తు మాటున మాయమైన మాట



"మత్తుమందు" అనే ఒక్క మాటతో తెలుగువారు రెండు లోకాలను నెట్టుకొస్తున్నారు. శస్త్రచికిత్సకు ముందు నొప్పి తెలియకుండా ఇచ్చేదీ మత్తుమందే. పోలీసులు దాడి చేసి పట్టుకున్నారని పత్రికలు పతాకశీర్షిక పెట్టేదీ మత్తుమందే. ఆపరేషను బల్ల ప్రక్కన నిలిచి మన శ్వాసను కాపాడే వైద్యుణ్ణి "మత్తు డాక్టరు" అని పిలుస్తాము. పిల్లలను పాడుచేసే దుండగుల ముఠాను "మత్తు ముఠా" అంటాము. మత్తము, మాదకము, మదము, ఉన్మాదము - ఇవన్నీ "మద్" అనే ఒక్క ధాతువు పిల్లలే. జబ్బుకూ, వ్యసనానికీ, వైద్యానికీ ఒకే వేరు నుండి పేర్లు పుట్టినప్పుడు, ఆ మూడింటికీ నడుమ గీత గీయవలసిన బాధ్యత మాట్లాడేవాడిపై పడుతుంది. ధాతువు ఒక్కటే కావచ్చు. ప్రయోజనం ఒక్కటి కాదు.

ఈ గీత చెరిగిపోవడం వలన ఎవరికి నష్టమో కెటమిన్ అనే మందు విషయంలో స్పష్టంగా కనబడుతున్నది. కుంగుబాటుతో ఏళ్ళ తరబడి నలిగిపోతున్నవారికి ఈ మందును నరం ద్వారా ఎక్కించే చికిత్స మన నగరంలోనూ దొరుకుతున్నది. దానిని గూర్చి సామాన్యుడికి రెండే కథలు వినబడుతున్నాయి. ఒకటి, అది దొంగచాటుగా అమ్మే విషమని. రెండు, అది గంటలో దుఃఖాన్ని తుడిచివేసే అమృతమని. రెండూ అబద్ధాలే. ఈ రెండు అబద్ధాల నడుమనున్న నిజం మాత్రం తెలుగులో కాక ఇంగ్లీషు కాగితాలలో పడి ఉన్నది. నా ఆక్షేపణ అంతా దానిమీదనే.

గత వర్షాకాలంలో శామీర్‌పేట దగ్గరి పల్లె నుండి నా పూర్వవిద్యార్థి ఒకడు మేడ్చల్‌లోని మా ఇంటికి వచ్చాడు. తుర్కపల్లి వైపు ఒక మందుల కంపెనీలో పని. ఇంట్లో ఒకరికి రెండేళ్ళుగా తీవ్రమైన కుంగుబాటు. రెండు రకాల మందులు వాడినా గుణం కనబడలేదు. నగరంలోని ఒక క్లినిక్కు వారు కెటమిన్ ఆరుమార్లు ఎక్కించాలని, దానికి ప్యాకేజీ ఉన్నదని, డబ్బు ముందే కట్టాలని చెప్పి, నాలుగు పుటల ఇంగ్లీషు పత్రం చేతిలో పెట్టారు. సంతకం చేయవలసిన చోట పెన్సిలుతో గుర్తు కూడా పెట్టి ఇచ్చారు. "సార్, ఇందులో ఏమున్నదో మీరు చదివి చెప్పండి. అడిగితే అందరూ పెట్టే సంతకమే అన్నారు" అన్నాడు.

చదివాను. అందులో ఉన్నవి చిన్న విషయాలు కావు. రక్తపోటు పెరగవచ్చునని ఉన్నది. శరీరం నుండి తాను వేరైపోయినట్లు తోచవచ్చునని ఉన్నది. ఆ రోజు వాహనం నడపరాదని ఉన్నది. ఈ జబ్బుకు ఈ మందు వాడకం ప్రభుత్వ అనుమతి పత్రంలో లేదని మూడవ పుటలో చిన్న అక్షరాలలో ఉన్నది. నిజం చెప్పారు, కాదనను. అర్థం కాని భాషలో చెప్పారు. చీకటిగదిలో దీపం పెట్టి తలుపుకు తాళం వేసినట్లుగా చెప్పారు.

దీనిని మర్యాదకు సంబంధించిన చిన్న లోపంగా కొట్టివేయడానికి వీలులేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుండి అమలులో ఉన్నది. చికిత్సకు రోగి ఇచ్చే సమ్మతి అంటే ఏమిటో ఆ చట్టం నిర్వచించింది. బలవంతం, మోసం, తప్పుదారి పట్టించడం లేకుండా, ఆ చికిత్స వలన కలిగే మేలు, కీడు, దానికి బదులుగా ఉన్న ఇతర మార్గాలు - ఇవన్నీ రోగికి అర్థమయ్యే భాషలో, అర్థమయ్యే రీతిలో చెప్పిన పిమ్మట పొందినదే సమ్మతి అని దాని భావం. భాష అన్న మాట నిర్వచనంలోనే ఉన్నది. కావున తెలుగు మాత్రమే తెలిసిన రోగి చేత ఇంగ్లీషు కాగితంపై, నోటితోనైనా వివరించకుండా, సంతకం చేయిస్తే కాగితంపై సిరా పడుతుందే గాని సమ్మతి పుట్టదు. 2008 జనవరిలో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు కూడా, తగినంత సమాచారం తెలిసి ఇచ్చినదే చెల్లుబాటయ్యే సమ్మతి అని తేల్చింది.

మఱొక విడ్డూరం చూడండి. మన శామీర్‌పేట ప్రాంతం జీనోమ్ వ్యాలీ పేరుతో లోకమంతటికీ టీకాలు, మందులు అందిస్తున్నది. కొత్త మందును మనుషులపై పరీక్షించేటప్పుడు, అందులో పాల్గొనేవారికి సాంకేతిక పదాలు లేని, వారికి అర్థమయ్యే భాషలో సమ్మతి పత్రం ఇవ్వాలని 2019 నాటి నిబంధనలు శాసిస్తున్నాయి. కొత్త మందు పరీక్షకు ఒడ్డిన శరీరానికి తెలుగు పత్రం! గాజులు తాకట్టు పెట్టి డబ్బు కట్టిన రోగికి ఇంగ్లీషు పత్రం! ఇది ఏ న్యాయమో విజ్ఞులే చెప్పాలి.

"తెలుగులో ఇవన్నీ చెప్పడానికి మాటలెక్కడివి పంతులుగారూ?" అని అడిగేవారున్నారు. ఉన్నాయో లేవో వాదించడమెందుకు? చెప్పి చూపిస్తాను. నేను వైద్యుణ్ణి కాను, వైద్యం చెప్పను. పరిశోధకులు ప్రకటించిన విషయాలను ఏడవ తరగతి పిల్లవాడికి పాఠం చెప్పినట్లు చెబుతాను.

కెటమిన్‌ను 1962లో అమెరికాలోని పార్క్-డేవిస్ సంస్థకు పనిచేసిన కాల్విన్ స్టీవెన్స్ తయారుచేశాడు. 1964లో మొదటిసారి మనుషులకు ఇచ్చారు. 1970లో అక్కడి ప్రభుత్వం శస్త్రచికిత్సలకు దానిని అనుమతించింది. వియత్నాం యుద్ధంలో గాయపడిన సైనికులకు వాడారు. మామూలు మోతాదులో శ్వాసను అంతగా అణచకుండా నొప్పి తెలియకుండా చేయడం దాని ప్రత్యేకత. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర ఔషధాల జాబితాలోనూ, మన జాతీయ జాబితాలోనూ దానికి చోటున్నది. కనుక అది "డ్రగ్ ముఠాల సరకు" మాత్రమే అనేది అజ్ఞానం.

దుర్వినియోగం ఉన్న మాట నిజమే. అందుకే మన దేశంలో 2011లో దానిని మాదక ద్రవ్యాల నిరోధక చట్టం పరిధిలోకి తెచ్చారు. 2013లో షెడ్యూల్ ఎక్స్‌లో చేర్చారు. అనగా చీటీ రెండు ప్రతులుగా ఉండాలి. ఒక ప్రతిని దుకాణదారు రెండేళ్ళు భద్రపరచాలి. మందును తాళం వేసిన చోట ఉంచాలి. ఇంటికి తీసుకువెళ్ళి వాడుకోమని సీసా చేతిలో పెట్టేవాడు ఎవడైనా సరే, వాడి గడప మళ్ళీ తొక్కరాదు.

ఇక కుంగుబాటు సంగతి. 2000లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఏడుగురు రోగులపై జరిపిన చిన్న పరీక్ష ఫలితాలను ప్రకటించారు. మత్తు కలిగించే మోతాదు కంటె ఎంతో తక్కువగా కెటమిన్ ఇస్తే దిగులు త్వరగా తగ్గినట్లు కనబడింది. 2006లో అక్కడి జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ మఱొక పరీక్ష ఫలితాలు ప్రకటించింది. కెటమిన్ తీసుకున్న 17 మందిలో 71 శాతం మందికి మరునాటికే చెప్పుకోదగిన ఉపశమనం కలిగింది. ప్రకటనలవారు ఇక్కడ ఆగుతారు. తరువాతి వాక్యం నేను చదువుతాను: ఆ ఉపశమనం కనీసం వారం రోజులు నిలిచినది 35 శాతం మందికి మాత్రమే. వేగంగా వస్తుంది, వేగంగా పోవచ్చును. ఈ రెండు ముక్కలూ కలిపి చెప్పినవాడే వైద్యం చెప్పినట్లు. మొదటి ముక్క మాత్రమే చెప్పినవాడు వ్యాపారం చెప్పినట్లు.

ఆ ఉపశమనాన్ని నిలపడానికే వారానికి రెండు మూడుసార్ల చొప్పున కొన్నిమార్లు ఎక్కించే పద్ధతి వచ్చింది. 2023లో ప్రకటించిన పెద్ద పరిశోధనలో, మందులకు లొంగని కుంగుబాటు ఉండి మతిభ్రమణ లక్షణాలు లేనివారికి మూడు వారాలపాటు కెటమిన్‌నూ, విద్యుత్ చికిత్సనూ ఇచ్చి పోల్చారు. కెటమిన్ పొందినవారిలో 55.4 శాతం, విద్యుత్ చికిత్స పొందినవారిలో 41.2 శాతం మందికి గుణం కనబడింది. ఇది గౌరవించదగిన ఫలితం. అయితే ఆ పోలికలో మతిభ్రమణంతో కూడిన కుంగుబాటు ఉన్నవారు లేరన్న సంగతి మరువరాదు. గుణం కనబడినవారిలోనూ కొందరు ఆరు నెలలలో మళ్ళీ కుంగిపోయారు. నయమైపోతుందని ఎవరైనా హామీ ఇస్తే, ఆ హామీ పరిశోధనలో ఉన్నది కాదు. వారి నోటిలో పుట్టినది.

పనిచేసే విధం ఏమిటి? మెదడులో గ్లుటమేట్ అనే వార్తాహరుడున్నాడు. వాడు తలుపుతట్టే గడపలలో ఒకదాని పేరు ఎన్.ఎమ్.డి.ఏ. గ్రాహకం. కెటమిన్ ఆ తలుపును కాసేపు మూస్తుంది. దాని పర్యవసానంగా నాడీకణాల నడుమ కొత్త కలయికలు ఏర్పడతాయని శాస్త్రజ్ఞుల భావన. పూర్తి రహస్యం ఇంకా విడలేదు. రోజూ మింగే మాత్రలకు వారాలు పట్టే పని ఇది గంటలలో చేయడానికి కారణం ఈ వేరే దారిలో పోవడమే.

ఎక్కించే విధం: సాధారణంగా శరీర బరువు కిలో ఒక్కింటికి అర మిల్లీగ్రాము చొప్పున 40 నిమిషాలపాటు, సెలైన్‌తో కలిపి, బొట్టుబొట్టుగా. 60 కిలోల మనిషికి 30 మిల్లీగ్రాములు. ఇక్కడ ఒక చిన్న లెక్క వేయండి. కెటమిన్ పది మిల్లీలీటర్ల సీసాలో 500 మిల్లీగ్రాములు ఉంటుంది; అంటే 16 మోతాదుల మందు. అది పేటెంటు గడువు ఏనాడో తీరిన పాత మందు, చవకైన మందు. మఱి వేలకు వేలు దేనికి కడుతున్నాము? మందుకు కాదు, కాపలాకు. రక్తపోటు, నాడి, రక్తంలో ప్రాణవాయువు చూస్తూ ప్రక్కన కూర్చునే శిక్షితుడికి, శ్వాస ఆగితే నిలబెట్టగల వైద్యుడికి, ముందుగా జబ్బును నిర్ణయించే మానసిక వైద్యుడికి కడుతున్నాము. ఆ కాపలా లేని చోట డబ్బు కట్టడమంటే పాలు లేని గిన్నెకు పాల వెల ఇవ్వడమే.

ఎక్కుతున్నప్పుడు ఏమనిపిస్తుంది? తల తేలినట్లుంటుంది. కాలం సాగినట్లు, గోడలు దూరమైనట్లు, తన దేహాన్ని తానే బయటి నుండి చూస్తున్నట్లు తోచవచ్చు. వాంతి వచ్చినట్లుంటుంది. రక్తపోటు పెరుగుతుంది. ఈ వింత అనుభూతులు చాలావరకు గంట రెండు గంటలలో తగ్గిపోతాయి. ముందుగా తెలిసినవాడు "ఇదే కాబోలు చెప్పినది" అని ఓర్చుకుంటాడు. తెలియనివాడు ప్రాణం పోతున్నదనో, దెయ్యం పట్టిందనో హడలిపోతాడు. ఇప్పటికే మనసు చితికిన మనిషిని చెప్పకుండా అటువంటి అనుభవంలోకి తోసివేయడం క్రూరత్వం. దానికి మఱొక పేరు నా నిఘంటువులో లేదు.

ఎవరికి తగదు? అదుపులో లేని రక్తపోటు ఉన్నవారికి, రక్తనాళాలలో ఉబ్బు ఉన్నవారికి, మతిభ్రమణ వ్యాధులు ఉన్నవారికి, గర్భిణులకు, మాదకాలకు బానిసలైనవారికి సాధారణంగా ఇవ్వరు. గుండె, కాలేయం జబ్బులుంటే వైద్యుడు మఱింత ఆలోచించాలి. ఎక్కువ మోతాదులో తరచుగా వాడేవారిలో మూత్రాశయం పుండ్లుపడి తీవ్రమైన బాధ కలగడం వ్యసనపరుల విషయంలో బాగా రుజువైనది. కాబట్టి మూత్రంలో మంట, రక్తం కనబడితే దాచక చెప్పాలి.

మన ప్రాంతంవారికి మఱొక హెచ్చరిక. కల్లులో అల్ప్రాజోలాం కలిపే దుర్మార్గం మనకు కొత్త కాదు. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు త్రాగి పలువురు మరణించారు. రోజూ కల్లు దుకాణానికి వెళ్ళే మనిషి తెలియకుండానే నిద్రమందు మింగుతున్నట్లు. ఆ జాతి మందులు కెటమిన్‌తో కలిస్తే మగత హెచ్చవచ్చు. కెటమిన్ గుణాన్ని అవి తగ్గిస్తాయని కొన్ని పరిశోధనలు చెబుతున్నాయి. "ఏమైనా మందులు వాడుతున్నారా?" అని వైద్యుడు అడిగితే కల్లు మందు కాదని మనవాడు లేదంటాడు. అడిగే వైద్యుడు కల్లు పేరెత్తి అడగాలి; చెప్పే రోగి సిగ్గుపడక చెప్పాలి. ఇటువంటి ప్రశ్న ఏ ఇంగ్లీషు పత్రంలోనూ ఉండదు. ఊరి సంగతి ఊరి భాషకే తెలుస్తుంది.

ఇంటికి పోయేదెట్లు? అమెరికాలో ఈ జాతికే చెందిన ఎస్‌కెటమిన్ ముక్కు మందును 2019లో అనుమతిస్తూ, ఇచ్చిన తరువాత కనీసం రెండు గంటలు ఆసుపత్రిలోనే కనిపెట్టి ఉండాలని, మరునాటివరకు వాహనం నడపరాదని నియమం పెట్టారు. మనవారో, ఎక్కించుకుని వచ్చి మోటారుసైకిలు వెనుక కూర్చుని, లారీలు దూసుకుపోయే రాజీవ్ రహదారి మీద శామీర్‌పేటకు ప్రయాణం కడతారు. తల తేలుతున్న మనిషి వెనుక సీటు పట్టుకోగలడా? తోడు మనిషి, కారో ఆటోనో లేకుండా ఆ రోజు బయలుదేరనే రాదు.

చూశారా, తెలుగులో మాటలకు కొరత రాలేదు. కొరత ఉన్నది చెప్పాలన్న ఇచ్ఛకు.

ఇక ఎదుటివారి వాదంలో బలమైనది ఒకటున్నది. దానిని దాటవేయడం ధర్మం కాదు. "ఆత్మహత్య తలపులతో ఉన్నవారికి ఇన్ని భయాలు చెబితే చికిత్సే వద్దని పారిపోతారు. ఆ ప్రాణం పోతే ఎవరు బాధ్యులు?" అని వైద్యులు అడుగుతారు. కెటమిన్‌కున్న విలువంతా వేగమే అయినప్పుడు ఈ మాటకు బరువున్నది. కాని ఆలోచించండి. నేను వ్రాసినదంతా చదవడానికి పదిహేను నిమిషాలు పట్టదు. ఆరుమార్లకు సరిపడా డబ్బు ముందే కట్టించుకోవడానికి సమయమున్న చోట, పదిహేను నిమిషాలు తెలుగులో మాట్లాడటానికి సమయం లేదనడం చెల్లదు. పైగా ఆత్మహత్య తలపు అంత ముంచుకొచ్చిన మనిషిని ఇంటికి పంపి వచ్చే మంగళవారం రమ్మనడం వైద్యం కాదు; ఆ క్షణంలో కావలసినది ఆసుపత్రిలో రేయింబవళ్ళ కాపు. నిజం విని పారిపోయేవారికంటె, నిజం దాచారని తెలిసి వైద్యం మీదనే నమ్మకం పోగొట్టుకునేవారే ఎక్కువ ప్రమాదంలో పడతారని నా నిశ్చితాభిప్రాయం.

కాపలా లేని కెటమిన్ ఏమి చేస్తుందో ధనవంతుల లోకమే చూపింది. 2023 అక్టోబరు 28న అమెరికా నటుడు మాథ్యూ పెర్రీ 54వ ఏట మరణించాడు. ఆయన వైద్యశాలలో కుంగుబాటుకు కెటమిన్ చికిత్స పొందినవాడే. ప్రాణం తీసినది ఆ వైద్యశాలలో ఎక్కించినది కాదు. బయట సంపాదించి, ఇంటిలో, వైద్యుడు ప్రక్కన లేకుండా పొడిపించుకున్నది. ఆ కేసులో నేరం అంగీకరించినవారిలో ఇద్దరు వైద్యులున్నారు. మందు అదే, మోతాదు, చోటు, కాపలా వేరు. "మత్తు" అన్న ఒక్క మాటలో ఈ తేడా అంతా కరిగిపోతున్నదనే నా గోడు.

కావున రోగులూ, వారి బంధువులూ సంతకానికి ముందు అడగవలసినవి ఇవి:

1. ఇది ఏ జబ్బుకు? ఆ జబ్బును నిర్ణయించిన మానసిక వైద్యుడు ఎవరు?
2. ఇంతకుముందు ఏయే మందులు, ఎంత మోతాదులో, ఎన్నాళ్ళు వాడి విఫలమైనవని లెక్క చూశారా?
3. దీనికి బదులుగా ఉన్న మార్గాలేమిటి? విద్యుత్ చికిత్స, వేరే మాత్రలు, మాటల చికిత్స సంగతి ఏమిటి?
4. ఎక్కించే సమయంలో ప్రక్కన ఎవరుంటారు? శ్వాసకు ఇబ్బంది వస్తే చూసేవారు ఆ గదిలోనే ఉన్నారా?
5. రెండు మూడుసార్లకు గుణం లేకపోతే ఆపుతారా? మిగిలిన డబ్బు తిరిగి ఇస్తారా?
6. గుణం కనబడిన తరువాత దానిని నిలిపే ఏర్పాటు ఏమిటి?
7. ఈ పత్రం తెలుగులో ఉన్నదా? లేకుంటే తెలుగులో చదివి వినిపిస్తారా?

వీటికి విసుగు లేకుండా జవాబు చెప్పిన వైద్యుణ్ణి నమ్మండి. కసురుకున్నవాడికి దండం పెట్టి లేచి రండి. నా విద్యార్థి ఈ ప్రశ్నలు వ్రాసుకుని వెళ్ళాడు. ఆ ఇంటివారు చివరికి వేరొక ఆసుపత్రిని ఎంచుకున్నారు. అక్కడ ఏ చికిత్స జరుగుతున్నదన్నది వారి సొంత విషయం. ఎంచుకున్నారు అన్న క్రియాపదమే నాకు ముఖ్యం.

తోవ తెలియనివారికి రెండు గుర్తులు. ఎఱ్ఱగడ్డలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉన్నది. దాని పేరు చెప్పి ఎగతాళి చేసే అలవాటును మనమే మానుకోవాలి. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఫోను చేసి మాట్లాడవచ్చు, ఖర్చు లేదు.

పత్రికా సంపాదకులకు ఒక మనవి. ఆసుపత్రిలో ఇచ్చేదానిని "నొప్పి తెలియనివ్వని మందు" అనండి, చట్టం నిషేధించిన వాడకాన్ని "మాదకం" అనండి. వైద్యులకు ఒక మనవి. మీ పత్రాలను తెలుగు చేయించుకోండి. ఈ ఊళ్ళలో విశ్రాంతి తీసుకుంటున్న తెలుగు పంతుళ్ళు ఎందరో ఉన్నారు, అడిగితే ఉచితంగా చేసి పెడతాము. కుంగుబాటు అంటే క్రిందికి దిగిపోవడం. దిగిపోతున్న మనిషికి చేయి అందించేటప్పుడు వాడికి తెలిసిన మాటతోనే పిలవాలి.

స్వస్తి.